నాలుగు సర్వర్లకి ఐపీవీ4 ఛార్జీ కట్టే బదులు ఐపీవీ6కి మారిపోతే పని నడుస్తుందా?

బోడుప్పల్_బ్యాకెండ్:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టి, తర్వాత వాటి సర్వర్ల ఆలనాపాలనా కూడా నేనే చూసుకుంటుంటాను. ప్రస్తుతం నాలుగున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌ది, పచ్చళ్లూ పొడులూ ఆన్‌లైన్‌లో అమ్మే ఒక ఆంటీ వాళ్లది, ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ రిపోర్టులది, ఇంకోటి నేను ప్రయోగాలు చేసుకునేది. అన్నీ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌లో, ఒకే వీపీసీలో (అక్కడ మనకంటూ ఉండే ప్రైవేట్ నెట్‌వర్క్), టీ4జీ నానో, మైక్రో అనే చిన్న మెషీన్లు. ఉబుంటు, ఇంజిన్‌ఎక్స్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, అంతే, పెద్ద హడావుడి ఏం లేదు.

బిల్లు విడదీసి చూస్తే నానో మెషీన్‌కి గంటకి 0.0028 డాలర్లు, దానికి తగిలించిన పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి (ఇంటర్నెట్‌లో సర్వర్‌ని గుర్తించే పాత తరహా నంబరు) గంటకి 0.005 డాలర్లు. ఇంటి అద్దె కన్నా గేటు మీది నంబరు పలక అద్దె ఎక్కువన్నట్టుంది లెక్క. ఒక్కో అడ్రస్‌కి నెలకి 3.65 డాలర్లు, మన డబ్బుల్లో మూడొందల పైచిలుకు, పైన 18 శాతం జీఎస్టీ. నాలుగింటికీ కలిపి ఏడాదికి 175 డాలర్లు అడ్రస్‌లకే పోతోంది. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకే రాదు, కానీ నా క్లయింట్లు మెయింటెనెన్స్ డబ్బులు ఇచ్చేటప్పుడు వంద రూపాయల దగ్గర కూడా బేరమాడే బాపతు.

కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్‌కి ఛార్జీ లేదు కాబట్టి ఐపీవీ4 తీసేసి దాంతోనే నడిపిద్దామని ఆలోచన. డొమైన్లన్నీ ఇప్పటికే క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్‌లో (సైట్ పేరుకి అడ్రస్ ఏదో చెప్పే పట్టిక) ఉన్నాయి. నా డౌట్లు ఏంటంటే, ఐపీవీ6 లేని నెట్ వాడేవాళ్లకి సైట్ తెరుచుకుంటుందా? మా ఇంటికొచ్చే లోకల్ కేబుల్ నెట్‌లో ఐపీవీ6 లేదు, మరి నేను ఎస్‌ఎస్‌హెచ్ (ఇంటి నుంచి సర్వర్‌లోకి లాగిన్) ఎలా చేయాలి? ఇంకా నాకు తెలియకుండా ఏవి ఆగిపోతాయి? ఇదివరకు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ప్యాకెట్_పంతులు:

చేయొచ్చు. మేం ఆఫీసులో కొన్ని ఇంటర్నల్ టూల్స్‌నీ, కొన్ని క్లయింట్ సైట్లనీ ఇలాగే మార్చాం. మీరు టెన్షన్ పడుతున్న రెండు విషయాలూ తేలికైనవే, అసలు తలనొప్పి మూడో ప్రశ్నలో ఉంది.

సైట్ చూసేవాళ్ల సంగతి ముందు. క్లౌడ్‌ఫ్లేర్‌లో డొమైన్‌కి క్వాడ్-ఏ రికార్డు (ఐపీవీ6 అడ్రస్ రాసేది) ఒక్కటే పెట్టి, ట్రాఫిక్‌ని వాళ్ల గుండా పంపే ఆ నారింజ రంగు మేఘం ఆన్ చేయండి. చూసేవాడి ఫోన్ ఐపీవీ4లో ఉన్నా ఐపీవీ6లో ఉన్నా క్లౌడ్‌ఫ్లేర్ దాకా వస్తాడు, అక్కడి నుంచి మీ సర్వర్‌కి వాళ్లే ఐపీవీ6 మీద వస్తారు. ఫ్రీ ప్లాన్‌లోనే అవుతుంది. ఐపీవీ4 అడ్రస్ ఉన్న పాత 'ఏ' రికార్డు మాత్రం తీసేయండి, అది మిగిలిపోతే క్లౌడ్‌ఫ్లేర్ లేని అడ్రస్‌ కోసం కూడా ప్రయత్నిస్తుంది, సైట్ ఒకసారి తెరుచుకుని ఒకసారి తెరుచుకోక పిచ్చెక్కిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌కి ఈసీ2 ఇన్‌స్టన్స్ కనెక్ట్ ఎండ్‌పాయింట్ అని ఒకటుంది, 2023లో తెచ్చారు, దానికి వేరే ఛార్జీ లేదు. మీ వీపీసీలో ఒకటి పెట్టుకుంటే చాలు, మెషీన్ ప్రైవేట్ ఐపీకి దాని గుండా వెళ్తారు. మీ ఇంటి నెట్‌లో ఐపీవీ6 ఉందా లేదా అన్నది అక్కడ అనవసరం, ఏడబ్ల్యూఎస్ లాగిన్ ఉంటే సరిపోతుంది. రెండు ఇబ్బందులున్నాయి. కనెక్షన్ గంటకి మించి ఉండదు, కాబట్టి పెద్ద పని ఏదైనా టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే టూల్) పెట్టి నడపండి. పెద్ద బ్యాకప్ ఫైళ్లు లాగడానికి కూడా అది పనికిరాదు, వేగం తగ్గించేస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ దారి కూడా ఉంది, జియో సిమ్ ఉంటే ఐపీవీ6 వచ్చేస్తుంది, అత్యవసరానికి అది చాలు.

ఇక ఏడబ్ల్యూఎస్ వైపు పని. డిఫాల్ట్ వీపీసీకి ఐపీవీ6 ఉండదు, మీరే అడగాలి. వీపీసీకి అమెజాన్ ఇచ్చే /56 బ్లాకు (అడ్రస్‌ల గుంపు, స్లాష్ తర్వాతి అంకె పెరిగే కొద్దీ గుంపు చిన్నది) తగిలించాలి, సబ్‌నెట్‌కి (వీపీసీలో ఒక భాగం) అందులోంచి /64 ఇవ్వాలి, రూట్ టేబుల్‌లో ::/0ని (అంటే ఐపీవీ6 అడ్రస్‌లన్నిటినీ) ఇంటర్నెట్ గేట్‌వేకి తిప్పాలి, తర్వాత మెషీన్ నెట్‌వర్క్ కార్డుకి అడ్రస్ కేటాయించాలి. వీటిలో దేనికీ మెషీన్ ఆపక్కర్లేదు. ఉబుంటు మొదట్లో ఐపీవీ6 లేకుండా లేచి ఉంటే నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగుల) ఫైల్లో అడ్రస్ అడిగి తెచ్చుకునే డీహెచ్‌సీపీ6 ఆఫ్‌లో ఉండే అవకాశం ఉంది, ఆ లైను చూసుకోండి. సెక్యూరిటీ గ్రూప్‌లో (మెషీన్ ముందుండే ఫైర్‌వాల్) ఐపీవీ4 రూల్స్ ఐపీవీ6కి వర్తించవు, వేరే రాయాలి, లోపలికి వచ్చేవే కాదు బయటికి వెళ్లేవి కూడా. లోపలికి క్లౌడ్‌ఫ్లేర్ ఐపీవీ6 రేంజ్‌లు ఏడే ఉన్నాయి, 443 పోర్టుకి (హెచ్‌టీటీపీఎస్ వచ్చే దారి) అవి మాత్రమే అనుమతించండి. ఐసీఎంపీవీ6ని మాత్రం మూసేయకండి. ఐపీవీ6లో దారి మధ్యలో ఉన్న రూటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చేయవు, ప్యాకెట్ పెద్దదైతే ఆ సంగతి వెనక్కి చెప్పేది ఐసీఎంపీవీ6 మెసేజే. అది అందకపోతే చిన్న పేజీలు తెరుచుకుని పెద్ద పేజీలు సగంలో వేలాడతాయి, కారణం పట్టుకోవడానికి తలప్రాణం తోకకొస్తుంది.

ఇంజిన్‌ఎక్స్‌లో లిజన్ 443 అని ఒక్క లైనే ఉంటే అది ఐపీవీ4 మాత్రమే. [::]:443 అని రెండో లైను విడిగా రాయాలి. ఒకటి రాస్తే రెండూ వచ్చే రోజులు ఎప్పుడో పోయాయి.

ఇవన్నీ ఒక సాయంత్రం పని. ఇప్పుడు అసలు విషయం. మీ సర్వర్ బయటికి ఎవరెవరితో మాట్లాడుతోందో జాబితా రాయండి. పేమెంట్ గేట్‌వే, ఎస్‌ఎంఎస్ ఓటీపీ, వాట్సాప్ మెసేజీలు, ఈమెయిల్, గిట్, బ్యాకప్, లైసెన్స్ చెక్ చేసే ప్లగిన్లు, అన్నీ. ఒక్కో పేరు మీదా డిగ్ కమాండ్‌తో క్వాడ్-ఏ రికార్డు ఉందో లేదో చూడండి. ఉన్నదాన్ని కూడా నమ్మకుండా సర్వర్ మీంచే కర్ల్ కమాండ్‌కి మైనస్ 6 (ఐపీవీ6లోనే వెళ్లమని) పెట్టి పిలిచి చూడండి. లేనివి ఎన్ని తేలాయో దాన్ని బట్టే మిగతా నిర్ణయం. అది చూడకుండా ఐపీవీ4 తీసేయకండి.

మియాపూర్_మానిటర్:

పంతులు గారు చెప్పినవన్నీ కరెక్టే కానీ నాదొక మాట. నాలుగు చిన్న సైట్లకి నాలుగు మెషీన్లు ఎందుకు? కోచింగ్ సెంటర్, పచ్చళ్లు, మీ ప్రయోగాలు మూడూ ఒక మైక్రో మెషీన్ మీద వర్చువల్ హోస్టులుగా పెట్టేస్తే అడ్రస్ ఒకటే అవుతుంది, మెషీన్ ఖర్చు కూడా తగ్గుతుంది. ఐపీవీ6 గొడవే లేదు. ల్యాబ్‌ది మాత్రం విడిగా ఉంచండి, పేషెంట్ల రిపోర్టులు పచ్చళ్ల సైట్ పక్కన పెట్టడం మంచిది కాదు.

ఇంకోటి, మీ టైముకి మీరు విలువ కట్టుకోవట్లేదు. ఏడాదికి పదిహేను వేల చుట్టూ మిగులుతుందనుకోండి, జీఎస్టీ కలిపితే ఇంకాస్త ఎక్కువ. ఒక శనివారం రాత్రి ఓటీపీలు ఆగిపోయి ల్యాబ్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఆ పదిహేను వేలకీ మీరు పడే తిప్పలకీ పొంతన ఉండదు. ఇన్వాయిస్‌లో అడ్రస్ ఛార్జీ అని విడిగా ఒక లైను రాసి క్లయింట్‌కే వేయండి. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇది అందరికీ వస్తున్న ఖర్చే, దాచాల్సిందేం లేదు.

బోడుప్పల్_బ్యాకెండ్:

@మియాపూర్_మానిటర్, కలిపేయడం గురించి నేనూ ఆలోచించా అన్నా. కోచింగ్ సెంటర్‌కి రిజల్ట్స్ రోజు, అడ్మిషన్ల టైములో ఒక్కసారిగా జనం వచ్చిపడతారు, ఆ రోజు ఆంటీ వాళ్ల ఆర్డర్లు ఆగిపోతే నా పని అయిపోయినట్టే. పైగా ఎవరి ఏడబ్ల్యూఎస్ ఖర్చు వాళ్లకి విడిగా కనబడాలని మొదట్లోనే మాట్లాడుకున్నాం. నా టెస్టింగ్ మెషీన్‌ని మాత్రం తీసేసి అవసరమైనప్పుడే లేపుకుంటా, అది మంచి మాట.

అమీర్‌పేట్_ఫ్రెషర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను ఇప్పుడిప్పుడే క్లౌడ్ నేర్చుకుంటున్నా. మా కోర్సులో సర్వర్లకి పబ్లిక్ ఐపీ ఉండకూడదు, ప్రైవేట్ సబ్‌నెట్‌లో పెట్టి నాట్ గేట్‌వే (చాలా మెషీన్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌తో బయటికి వెళ్లే దారి) గుండా బయటికి పంపాలి అని చెప్పారు. అలా చేస్తే నాలుగు అడ్రస్‌లూ పోతాయి కదా? ఐపీవీ6 అవసరం ఏముంది?

ప్యాకెట్_పంతులు:

@అమీర్‌పేట్_ఫ్రెషర్, పరీక్షకి ఆ జవాబు కరెక్ట్, ఈ బిల్లుకి మాత్రం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ముంబైలో నాట్ గేట్‌వే గంటకి 0.056 డాలర్లు, నెలకి 40 డాలర్లు దాటుతుంది, దాని గుండా పోయే ప్రతి జీబీకీ మళ్లీ 0.056. పైగా ఆ గేట్‌వేకి కూడా ఒక పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ కావాలి, దాని ఛార్జీ దానిదే. నాలుగు అడ్రస్‌ల 14.60 డాలర్లు ఆదా చేయడానికి 40 పెట్టడం. వందల మెషీన్లున్న చోట ఆ లెక్క వేరు.

ఐపీవీ6 వైపు దానికి సమానంగా ఎగ్రెస్-ఓన్లీ ఇంటర్నెట్ గేట్‌వే అని ఉంది, బయటికి మాత్రమే పోనిచ్చి లోపలికి ఎవరినీ రానివ్వదు, దానికి గంట ఛార్జీ లేదు. వెబ్ సర్వర్‌కి క్లౌడ్‌ఫ్లేర్ లోపలికి రావాలి కాబట్టి బోడుప్పల్ గారికి అది కాదు, మామూలు ఇంటర్నెట్ గేట్‌వేనే కావాలి. డేటాబేస్ మెషీన్‌లాంటివి విడిగా ఉంటే వాటికి బాగుంటుంది.

ఇంకో సంగతి నీకు ఉపయోగపడుతుంది. ఈ ఛార్జీ వెనుక పాత కథ ఉంది. ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లే 429 కోట్లు. ప్రపంచానికి పంచే ఐయానా దగ్గర ఆఖరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ వాటా చూసే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్‌లో చివరి /8కి చేరి రేషన్ మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఉన్నవాడి దగ్గర కొనుక్కోవడమే. 2023 జులైలో ఛార్జీ ప్రకటించినప్పుడు, ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ సంపాదించే ఖర్చు అయిదేళ్లలో 300 శాతానికి పైగా పెరిగిందని అమెజాన్ చెప్పింది. అంతకు ముందు వాడుకలో ఉన్న ఎలాస్టిక్ ఐపీ (మనం వదిలేదాకా మారని పబ్లిక్ అడ్రస్) ఫ్రీ, ఖాళీగా పడి ఉన్నదానికే డబ్బులు. ఇప్పుడు వాడినా వాడకపోయినా ఒకటే రేటు.

రాత్రి_షిఫ్ట్:

జాబితాలో గిట్‌ని పంతులు గారు ఒక్క మాటలో దాటేశారు, నేను కొంచెం విడమరుస్తా, ఎందుకంటే మొదట తగిలేది అదే.

మనం కోడ్ దాచుకునే గిట్‌హబ్‌కి క్వాడ్-ఏ రికార్డు లేదు. ఐపీవీ4 లేని మెషీన్‌లోంచి గిట్ పుల్ (కోడ్ తెచ్చుకునే కమాండ్) కొడితే రాదు. రాదు అంటే ఎర్రర్ చూపించి ఊరుకోదు, అదీ అసలు బాధ. మెషీన్‌కి ప్రైవేట్ ఐపీవీ4 ఇంకా ఉంటుంది, డిఫాల్ట్ రూట్ కూడా ఉంటుంది, కాబట్టి లైనక్స్ ప్యాకెట్‌ని భేషుగ్గా బయటికి పంపుతుంది, పబ్లిక్ అడ్రస్ లేదు కాబట్టి ఇంటర్నెట్ గేట్‌వే దాన్ని చడీచప్పుడు లేకుండా పడేస్తుంది. మీరు టెర్మినల్ ముందు కూర్చుని కర్సర్ మెరవడం చూస్తుంటారు. లైనక్స్ డిఫాల్ట్‌గా ఆ మొదటి ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపి రెండు నిమిషాలు దాటాక చేతులెత్తేస్తుంది.

టెర్మినల్‌లో అయితే చిరాకు, అంతే. ఇదే పీహెచ్‌పీలో జరిగితే సైట్ కూలుతుంది. ఉదాహరణకి ఓటీపీ పంపే కాల్ అలా వేలాడిందనుకోండి, ఆ పీహెచ్‌పీ వర్కర్ (ఒక్కో రిక్వెస్టుకి జవాబిచ్చే ప్రాసెస్) రెండు నిమిషాలు అక్కడే ఇరుక్కుంటుంది. నానో మెషీన్‌లో వర్కర్లు ఎన్ని ఉంటాయి, అయిదో పదో. ఓటీపీ రాని జనం మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఒక్కో నొక్కుడికీ ఒక్కో వర్కర్ పోతుంది, కాసేపటికి హోమ్ పేజీ కూడా 504 (టైమౌట్ ఎర్రర్). చూసేవాడికి సర్వర్ మీద లోడ్ పడిందనిపిస్తుంది, తీరా చూస్తే సీపీయూ రెండు శాతం కూడా ఉండదు. కాబట్టి మారే ముందే కోడ్‌లో బయటికి వెళ్లే ప్రతి కర్ల్‌కీ కనెక్ట్ టైమౌట్ మూడు నాలుగు సెకన్లు పెట్టండి. ఇది ఐపీవీ6 ఉన్నా లేకున్నా ఉండాల్సిందే.

డిప్లాయ్‌కి (కొత్త కోడ్ సర్వర్‌లో పెట్టడానికి) గిట్‌హబ్ యాక్షన్స్ వాడుతున్నారా? ఆ పని చేసే వాళ్ల మెషీన్లు, అంటే హోస్టెడ్ రన్నర్లకి బయటికి ఐపీవీ6 లేదు, అంటే అక్కడి నుంచి మీ సర్వర్‌కి నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ కూడా పడదు. మేం చేసేది ఏంటంటే, రన్నర్‌లో బిల్డ్ చేసి జిప్ ఫైల్‌ని ఎస్3లో (అమెజాన్ ఫైల్ స్టోరేజ్) పడేస్తాం, సర్వర్ అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ ఫ్రీ, ప్రైవేట్ ఐపీవీ4 మీదే నడుస్తుంది, పబ్లిక్ అడ్రస్‌తో పనే లేదు. బ్యాకప్‌లు కూడా అదే దారిలో పంపండి, ఎస్‌ఎస్‌హెచ్ ఎండ్‌పాయింట్ గుండా వేగం తగ్గే సమస్య కూడా తీరుతుంది. అందుకే అంటున్నా, సబ్‌నెట్‌ని పూర్తి ఐపీవీ6-ఓన్లీ చేసేయాలన్న ఉత్సాహం వద్దు. పబ్లిక్ ఐపీవీ4కే ఛార్జీ, ప్రైవేట్‌ది ఫ్రీ. అది ఉండనివ్వండి, చాలా పనులకి అక్కరకొస్తుంది.

ప్యాకేజీలిచ్చే పైపీఐ, ఎన్‌పీఎం, ఉబుంటు మెయిన్ ఆర్కైవ్, సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇవన్నీ ఐపీవీ6లో బాగానే పలుకుతాయి. కంటైనర్లు వాడేవాళ్లు గిట్‌హబ్ కంటైనర్ రిజిస్ట్రీ మీద ఆధారపడి ఉంటే జాగ్రత్త.

కుక్కీ_కుమారి:

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. మీ పీహెచ్‌పీ కోడ్‌లో లాగిన్ చేసినవాళ్ల ఐపీ దాచే టేబుల్ ఉందా? పాత ట్యుటోరియల్స్ చూసి చేసినవాటిలో ఆ కాలమ్ వార్‌చార్ 15 (15 అక్షరాలకే చోటు) ఉంటుంది. ఐపీవీ6 అడ్రస్ రాస్తే 39 అక్షరాల దాకా వస్తుంది. మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటే ఇన్సర్ట్ ఫెయిల్ అయి లాగినే ఆగిపోతుంది, లేకపోతే సగం కోసి దాస్తుంది, రెండూ దరిద్రమే. నిజానికి నారింజ మేఘం ఆన్ చేస్తే చాలు, సర్వర్‌కి ఐపీవీ4 ఉన్నా సరే ఫోన్లలోంచి వచ్చేవాళ్ల అసలు అడ్రస్ సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ హెడర్‌లో ఐపీవీ6గానే వస్తుంది, మన దగ్గర మొబైల్ జనం ఎక్కువ కదా.

అలాగే ఓటీపీ దుర్వినియోగం ఆపడానికి ఒక ఐపీ నుంచి ఇన్నిసార్లే అని లిమిట్ పెట్టి ఉంటే, ఐపీవీ6లో మొత్తం అడ్రస్ మీద పెడితే పనికిరాదు. ఒక్క ఇంటికి, ఒక్క ఫోన్‌కి /64 మొత్తం ఇస్తారు, వాడు సెకనుకో కొత్త అడ్రస్‌తో రావచ్చు. మొదటి 64 బిట్లు మాత్రమే చూసి లెక్కపెట్టండి.

బోడుప్పల్_బ్యాకెండ్:

అందరికీ చాలా థాంక్స్. పంతులు గారు చెప్పినట్టు జాబితా రాసి ఒక్కొక్కటీ పరీక్షించా. పేమెంట్ గేట్‌వే కర్ల్ మైనస్ 6కి పలికింది. ఈమెయిల్ ఏపీఐ కూడా పలికింది. బ్యాకప్ ఎస్3కే కాబట్టి దిగుల్లేదు. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, దానికి రాత్రి_షిఫ్ట్ గారి పద్ధతే పెట్టుకుంటా. వార్‌చార్ 15 కాలమ్ ఆంటీ వాళ్ల సైట్‌లో నిజంగానే దొరికింది, నా ముందు చేసినతను పెట్టి వెళ్లాడు, దాన్ని 45 చేసేశా.

చిక్కల్లా ఎస్‌ఎంఎస్ దగ్గర వచ్చింది. ల్యాబ్, కోచింగ్ సెంటర్ రెండూ ఒకే ఎస్‌ఎంఎస్ గేట్‌వే వాడతాయి. వాళ్ల ఏపీఐకి క్వాడ్-ఏ లేదు, పైగా మన సర్వర్ ఐపీని ముందుగా వాళ్ల ప్యానెల్‌లో నమోదు చేయాలి. ఆ బాక్సులో ఐపీవీ6 అతికిస్తే ఇన్‌వ్యాలిడ్ ఐపీ అంటోంది. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి ఐపీవీ6 అనగానే కాసేపు ఆగి, "సార్, మీరు స్టాటిక్ ఐపీ తీసుకోండి" అన్నాడు. ఇది స్టాటికే బాబూ అంటే వినడు. గేట్‌వే మార్చుదామంటే డీఎల్‌టీలో (వ్యాపార ఎస్‌ఎంఎస్‌ల నమోదు వ్యవస్థ) హెడర్లు, టెంప్లేట్లు అవన్నీ మళ్లీ మొదటి నుంచి కొత్తవాళ్లకి మ్యాప్ చేయించుకోవాలి, ఇప్పుడు ఆ పని పెట్టుకోలేను.

మరి ఇంటర్నెట్‌లో ఫ్రీగా నాట్64 (ఐపీవీ6లో వచ్చినదాన్ని ఐపీవీ4లోకి మార్చి పంపేది) ఇచ్చేవాళ్లున్నారు కదా, డీఎన్‌ఎస్ వాళ్లది పెట్టుకుంటే ఐపీవీ4 సైట్లు కూడా పలుకుతాయంటున్నారు, అది వాడొచ్చా?

ప్యాకెట్_పంతులు:

ప్రయోగాల మెషీన్‌లో వాడుకోండి, ల్యాబ్‌కి వద్దు. హెచ్‌టీటీపీఎస్ కాబట్టి లోపలి సమాచారం చదవలేరన్నది నిజమే, కానీ మీ సర్వర్ ఎవరితో ఎప్పుడు మాట్లాడుతోందో మొత్తం ఎవరో తెలియనివాళ్ల చేతుల్లో పెడుతున్నారు. అది ఆగిపోతే ఫిర్యాదు చేయడానికి దిక్కు ఉండదు. అన్నిటికీ మించి మీ సమస్య తీరదు. అవతలివైపు కనిపించేది వాళ్ల ఐపీవీ4 అడ్రస్, దాన్ని వందమంది పంచుకుంటుంటారు. దాన్ని మీ ఎస్‌ఎంఎస్ ప్యానెల్‌లో నమోదు చేస్తే ఆ వందమందికీ తలుపు తీసినట్టే.

మీకు సరిపోయేది ఇది. ఒక్క ఎలాస్టిక్ ఐపీ ఉంచుకోండి, ల్యాబ్ మెషీన్‌కి. ఎస్‌ఎంఎస్ వాళ్ల దగ్గర ల్యాబ్ ఖాతాలో ఇప్పటికే నమోదై ఉంటుంది, కోచింగ్ సెంటర్ ఖాతాలో కూడా ఆ ఐపీని చేర్చితే చాలు. దాని మీద టైనీప్రాక్సీ గానీ స్క్విడ్ గానీ (వేరే మెషీన్ల తరఫున బయటికి వెళ్లే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్లు) పెట్టండి. కోచింగ్ సెంటర్ సర్వర్ ఎస్‌ఎంఎస్ పంపేటప్పుడు ప్రైవేట్ ఐపీ మీద ఆ ప్రాక్సీకి వెళ్తుంది, ప్రాక్సీ ఐపీవీ4లో బయటికి పంపుతుంది. మెషీన్లు వేర్వేరు జోన్లలో ఉంటే మధ్యలో డేటా ఛార్జీ ఉంటుంది, జీబీకి ఒక్కోవైపు 0.01 డాలరు, ఓటీపీలు ఎన్ని పంపినా జీబీ అవడం కష్టం. నాలుగు అడ్రస్‌లు ఒకటికి దిగుతాయి. నెలకి దగ్గరదగ్గర పదకొండు డాలర్లు మిగులు.

మియాపూర్ గారు ల్యాబ్‌ని విడిగా ఉంచమన్నారు కాబట్టి ఆ ప్రాక్సీ ల్యాబ్ మీద పెట్టడం మీకు నచ్చకపోతే కోచింగ్ సెంటర్ మెషీన్ మీద పెట్టి ల్యాబ్‌ని దాని గుండా పంపండి. నా ఓటు దీనికే. అప్పుడు తిరగేసి కోచింగ్ సెంటర్ ఐపీని ల్యాబ్ ఖాతాలో నమోదు చేయాలి, అంతే తేడా.

ప్రాక్సీ ప్రైవేట్ ఐపీ మీద మాత్రమే వినాలి, సెక్యూరిటీ గ్రూప్‌లో మీ మెషీన్లకే తలుపు తీయాలి, వెళ్లగలిగే పేర్లలో ఎస్‌ఎంఎస్ ఏపీఐ ఒక్కటే ఉండాలి. పబ్లిక్‌కి తెరిచిన ప్రాక్సీని స్పామర్లు పసిగట్టడానికి ఎక్కువ టైము పట్టదు, అప్పుడు ఆ ఐపీ పేరు చెడుతుంది, మీ అకౌంట్‌కి అబ్యూస్ నోటీసు వస్తుంది.

రాత్రి_షిఫ్ట్:

ప్రాక్సీ పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. షెల్‌లో హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ వేరియబుల్ పెట్టి కర్ల్ కొడితే చక్కగా పనిచేస్తుంది, అదే పని పీహెచ్‌పీ నుంచి చేయదు. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం డిఫాల్ట్‌గా ఎన్విరాన్‌మెంట్ మొత్తం తుడిచేసి వర్కర్లని లేపుతుంది, క్లియర్ ఎన్వ్ అని పూల్ ఫైల్లో ఉంటుంది. దాన్ని కెలకడం కన్నా ఎస్‌ఎంఎస్ పంపే ఆ ఒక్క ఫంక్షన్‌లో కర్ల్ ప్రాక్సీ ఆప్షన్ రాసేయండి, మిగతావన్నీ నేరుగా ఐపీవీ6లో పోతాయి. ఒకవేళ మెషీన్ మొత్తానికీ వేరియబుల్ పెట్టాలనుకుంటే 169.254.169.254ని (మెషీన్‌కి క్రెడెన్షియల్స్ ఇచ్చే ఏడబ్ల్యూఎస్ లోపలి అడ్రస్) నో ప్రాక్సీలో చేర్చడం తప్పనిసరి. లేదంటే ఏడబ్ల్యూఎస్ క్రెడెన్షియల్స్ అడిగే రిక్వెస్టు కూడా ప్రాక్సీ మెషీన్‌కే పోతుంది.

మియాపూర్_మానిటర్:

సరే, ఈ పద్ధతిలో అయితే నాకూ అభ్యంతరం లేదు, ఐపీవీ4 పూర్తిగా వదిలేయడం లేదు కదా. మార్చేటప్పుడు వరస మాత్రం నేను చెప్పినట్టు చేయండి. ముందు రెండూ ఉంచి నడపండి. క్లౌడ్‌ఫ్లేర్‌లో క్వాడ్-ఏ పెట్టి ఏ రికార్డు తీసేయండి, మెషీన్ మీద ఐపీవీ4 అలాగే ఉండనివ్వండి. లాగ్స్‌లో క్లౌడ్‌ఫ్లేర్ మొత్తం ఐపీవీ6లోనే వస్తోందని చూసుకున్నాక, రద్దీ లేని ఒక రాత్రి ఎలాస్టిక్ ఐపీని మెషీన్ నుంచి విడదీయండి, రిలీజ్ మాత్రం చేయకండి. ఏదైనా విరిగితే నిమిషంలో తిరిగి తగిలించుకోవచ్చు. అదే ఆటోమేటిగ్గా వచ్చిన పబ్లిక్ ఐపీ అయితే తీశాక అదే నంబరు మళ్లీ రాదు, మీవి ఏ రకమో చూసుకోండి. కోచింగ్ సెంటర్‌ది అడ్మిషన్ల సీజన్ అయ్యాక చేయండి.

బోడుప్పల్_బ్యాకెండ్:

అన్నీ ఎలాస్టిక్ ఐపీలే అన్నా. పచ్చళ్ల సైట్‌తో మొదలుపెడుతున్నా, దానికి ఎస్‌ఎంఎస్ లేదు, ఆర్డర్ వస్తే ఈమెయిలే. విడదీసి ఒక వారం చూసి అప్పుడు రిలీజ్ చేస్తా. ఆ వారం ఖాళీగా ఉన్నదానికి కూడా ఛార్జీ పడుతుంది కదా?

మియాపూర్_మానిటర్:

పడుతుంది, అదే 0.005. వారానికి డాలరు కూడా కాదు, దానికి ఆలోచించకండి. కానీ రిలీజ్ చేయడం మర్చిపోతే నెలనెలా కడుతూనే ఉంటారు, క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. తర్వాత ఐప్యామ్‌లో (అడ్రస్‌ల లెక్క చూసే ఏడబ్ల్యూఎస్ టూల్) పబ్లిక్ ఐపీ ఇన్‌సైట్స్ పేజీ తెరిచి చూడండి, ఫ్రీనే, అకౌంట్‌లో ఎక్కడెక్కడ ఐపీవీ4లు మిగిలున్నాయో మొత్తం చూపిస్తుంది. పాతకాలంలో పబ్లిక్ యాక్సెస్ ఆన్ చేసి వదిలేసిన ఆర్‌డీఎస్ డేటాబేస్‌లు, లోడ్ బ్యాలెన్సర్లు అక్కడే బయటపడతాయి.